నాయన కప్పిన గొంగడి

తాండూరు, 1961 జనవరి 9

ఊర్నుంచి నాయన వచ్చాడు. బడి వదలగానే సంతకు పోయి ఆయనకో కొత్త గొంగడి తెచ్చాను. చేతిలో పెడితే పసిపిల్లవాడిలా ఏడ్చాడు. పన్నెండేళ్ల కింద మా చెలక చేను పక్కన పటేల్‌ను ఎవరో నరికి చంపిన సంగతి ఎత్తాడు. శవం మీద గొంగడి ఉందని అప్పుడు గొర్లకాపరులందర్నీ ఠాణాకు పట్టుకుపోయారు. నాయనతో గొర్లు కాసే మల్లయ్య కాకనైతే వారం రోజులు కొట్టారు. హంతకుడు దొరకనే లేదు. ఊరు మాత్రం కాకను చూసి ఇప్పటికీ గుసగుసలాడుతుంది.

"గా గొంగడి నాదే బిడ్డా. పొద్దుగాల గొర్లను తోల్కపోతుంటే పటేల్ పడి ఉన్నడు. మీద గద్దలు తిరుగుతున్నయ్. మనిషిని గట్ల ఇడిసిపెట్టి ఎట్ల పోత? కప్పి ఒచ్చిన. మీ అమ్మకు ఎక్కడనో పోయిందని చెప్పిన."

ఆ చలికాలమంతా ఆయన గోనెసంచి కప్పుకుంటే నేను నవ్వేదాన్ని!

"మల్లిగాడు మంచం పట్టిండు. ఆడు పోకముందే ఊరికి తెల్వాలె. నువ్వు సదువుకున్నదానివి, ఠాణాకు కాగితం రాయి."

రాస్తే నాయన్నే పట్టుకుపోతారేమో. రాయకపోతే కాక ముఖం ఎలా చూడను?

కొత్త గొంగడి మల్లయ్య కాకకేనట. దాన్ని మడిచి తల కింద పెట్టుకుని, నాయన ఏమీ కప్పుకోకుండా పడుకున్నాడు, మొండి ముసలాయన. ఇందాక లేచి నా దుప్పటి కప్పాను.

"రాసినవా బిడ్డా?" అన్నాడు, కళ్లు తెరవకుండానే.