ఉన్నాడు, ఉండేవాడు

అత్తయ్యకు మీ కోడలు నమస్కరించి రాస్తున్నది.

షెంగ్సీ దీవిని పొగమంచు వదలడం లేదు. పడవలు ఆగిపోయాయి కనుక ఈ ఉత్తరం ఆలస్యంగా అందుతుందేమో.

మా సత్రానికి విదేశీయులు వస్తున్నారని యజమానురాలు మమ్మల్ని ఇంగ్లీషు తరగతికి పంపుతోంది. అందరం పాఠం వల్లె వేస్తుంటే కిటికీ కింద అలలు కూడా గొంతు కలుపుతున్నట్టుంటుంది. నాకు కళ్లు మూతపడతాయి. ఆయన పడవ మంచులోంచి మెల్లగా వస్తున్నట్టుంటుంది.

నిన్న పంతులమ్మ చ్యూ నన్ను లేపి, "మీ ఆయన ఏం పని చేస్తాడో ఇంగ్లీషులో చెప్పమ్మా" అంది.

జాలరి అన్న మాట ఒక్కటే చెప్పాను.

"అలా సరిపోదు. ఉన్నాడంటే 'ఈజ్', ఉండేవాడంటే 'వాజ్'. ఏదో ఒకటి పెట్టాలి కదా!"

మన చైనీసులో ఆ బెడద లేదు. ఆయన పడవ తిరిగి రాని ఈ ఆరేళ్లూ నేను ఆ చాటునే బతికాను.

"ఏమే, మొగుణ్ణే మర్చిపోయావా?" అని వెనక నుంచి వంటమనిషి లాన్ నవ్వి, అంతలోనే నాలుక కరుచుకుంది.

'వాజ్' అన్నాను.

"చక్కగా చెప్పావు" అంది పంతులమ్మ. పాపం, ఆవిడకేం తెలుసు. కూర్చున్నాక గానీ నా చెంపలు తడిసినట్టు నాకే తెలియలేదు.

అత్తయ్యా, శవం దొరకనివారికి వాళ్ల బట్టలు పూడ్చి కట్టే సమాధి ఆయనకూ కడదామని మీరు ఎన్నిసార్లు అడిగినా నేను ఒప్పుకోలేదు. ఇక కట్టించండి. పడవలు కదలగానే బట్టలు తీసుకుని వస్తాను. ఉన్ని చొక్కా కూడా తెస్తాను, అది పైన పెట్టండి. ఆయన చలికి అస్సలు తట్టుకోలేరు.