ఒడి దిగిన బంటి

నిజామాబాద్

ప్రియమైన జ్యోతక్కకు,

బావతోని బంటిని, ఈ ఉత్తరాన్ని కలిపి పంపుతున్న. ఫోన్‌ల నా గొంతు వింటే వాడు ఆగమాగమైతడని నువ్వే వద్దంటివి. బంటి అల్లుడు నితీష్ కాలు కరిచినప్పటి నుంచి ఇంట్ల ఇదే పంచాయితి. పిడికెడంత పొమేరియన్ కుక్క, గాటు కూడా సరిగ్గ పడలేదు, అయినా సూదులు తప్పలేదు. అంకిత తెగేసి చెప్పింది, "ఆ కుక్క గట్లనే ఉంటె కాన్పయినంక పిల్లను తీస్కొని నీ ఇంటికి రాను." తొలి కాన్పు అక్కా, కన్నబిడ్డ రాకుంటే తట్టుకోలేను. బంటిని వదులుకోమన్నా తట్టుకోలేను. నువ్వు పెంచిన కుక్కలు నీ మాట జవదాటవు, అందుకే నీకు అప్పజెప్తున్న. వాడికి పాలన్నం ఇష్టం. గట్టిగ అరవకు.

నీ చెల్లె,
పుష్పలత

వర్ని

ప్రియమైన పుష్పకు,

అరవలేదు, కొట్టలేదు. గిన్నె చేతిల పట్టుకొని "ఆగు" అంటున్న. ఆగితేనే కింద పెడుతున్న, ఎగిరితే గిన్నెతోని లోపలికి పోతున్న. మొదట్ల అలిగింది. ఇప్పుడు నాట్లకు వచ్చే సత్తవ్వ వాకిట్లకు వచ్చినా తోక ఊపుకుంట కూసుంటది.

అదే పెద్ద కుక్క అయితే గుర్రుమన్న మొదటిరోజే దారికి తెచ్చేదానివి. చిన్నది కదా అని నవ్వినవు, నవ్వి ఎత్తుకున్నవు. గుర్రుమంటే ఒడి దొరుకుతదని అది నేర్చుకుంది. బెంగ పెట్టుకోకు, కాన్పు లోపల దారికొస్తది. అప్పటిదాక ఇటు రాకు.

నీ అక్క,
జ్యోతిరాణి

నిజామాబాద్

ప్రియమైన అక్కకు,

రావద్దన్నా ఆదివారం వచ్చిన, నిజమే. వాడు ఉరికొచ్చిండు, ఎత్తుకున్న. ఎత్తుకోకుంట ఎట్లుంటరు? పలకరిద్దామని దగ్గరికొచ్చిన సత్తవ్వ చెయ్యిని నా ఒడిల నుంచే కరిచిండు. నాకు తల కొట్టేసినట్టయింది. కానీ కూలోళ్లందరి ముందు "పుష్పా, దించు" అని గద్దించుడు బాగుందా? నీ నేర్పుడు నా దగ్గర నిలుస్తలేదు. వాన్ని పంపియ్యి. అంకితను నేనే బతిమాలుకుంట.

పుష్ప

వర్ని

ప్రియమైన చెల్లెకు,

పంపను. బతిమాలితే కడుపుతోని ఉన్న పిల్లకు భయం పోతదా? బంటి నా దగ్గర ఆగుతుండు, నీ దగ్గర ఆగుతలేడు. అంటే నేర్చుకోవాల్సినోళ్లు ఇంకొకరున్నరు. బుధవారం బస్సుకు రా, వారం ఉండు, గిన్నె నువ్వే పట్టుకో. సత్తవ్వకు సూది ఇప్పించిన, నువ్వొచ్చి దగ్గర కూసోని మాట్లాడు. మొదట నీకు ఏడుపొస్తది. తర్వాత వాడు నీ మాట వింటడు. వాడు మంచోడే.

నీ మేలు కోరే
అక్క

నిజామాబాద్

ప్రియమైన అక్కకు,

నిన్న అంకిత పాపను తీస్కొని వచ్చింది. ఆటో చప్పుడుకు బంటి లేచిండు. "ఆగు" అన్న. నా గొంతు వణకలేదు. గడప లోపలనే కూసున్నడు. నితీష్ పాపం, మళ్ల కరుస్తడేమోనని బూట్లు విప్పకుంటనే లోపలికి వచ్చిండు. బంటి ఒకసారి వాసన చూసి ఊకున్నడు.

ఇంతల పాప ఏడ్చింది. నేను చేతులు చాపి ఉరికిన. అంకిత తల ఎత్తకుంటనే "ఆగు" అన్నది. బంటి ఆగిండు, నేనూ ఆగిన. అందరూ ఒకటే నవ్వు. చేతులు కడుక్కోని రమ్మన్నది. కడుక్కోని వస్తే పాపను నా ఒడిల పెట్టింది.

బంటి నా ఒడి దిక్కు చూసిండు. గుర్రుమనలేదు. నేను పిలవలేదు. కాసేపు నిలబడి, నా కాళ్ల దగ్గర పండుకున్నడు. సత్తవ్వను తోలుకొని పాపను చూడ రా.

నీ దగ్గర గిన్నె పట్టుడు నేర్చుకున్న చెల్లె,
పుష్ప