ఎర్ర చుక్క

మరిదీ,

మీరంతా కులాసా అనుకుంటాను. మీ అన్నయ్య పడవ సుడిలో బోల్తాపడి ఆయన మునిగిపోయిన చోట, నది మ్యాపులో ఎర్ర చుక్క పెట్టారుగా. అది చూసుకుని పడవలన్నీ పక్కనుంచి వెళ్తున్నాయి, టూరిస్టులు మళ్లీ ధైర్యంగా ఎక్కుతున్నారు. ఇప్పుడు సుడి తగ్గిందని వచ్చే వారం చుక్క తీసేస్తారట. ఆయన మీదుగా నవ్వుకుంటూ పోతారా అని ఒళ్లు మండిపోయింది. పడవల సంఘంలో నీ మాట చెల్లుతుంది, ఆపించమని రాయబోయాను.

కానీ ఎవరికి తెలిసిన సుడులు వాళ్లు దాచుకోకుండా, అందరి ఫోన్లలో కనబడేలా ఆ మ్యాపు పెట్టించింది ఆయనే. "ప్రమాదం పోయాక కూడా చుక్క ఉంచితే, రేపు నిజం చుక్కని ఎవడు నమ్ముతాడ్రా?" అని నీతోనూ పోట్లాడారు.

తీసెయ్యమను. ఆ తర్వాత ఆ నీళ్లలో ఎటు చూడాలో మాత్రం నువ్వొచ్చి చూపించు.

నీ వదిన