మూడో ప్రకటనకు ముందు కొండవీడు

నవంబరు 9, ఆదివారం

చర్చిలో నా పెళ్ళికి మొదటి ప్రకటన అయింది. కానుకల పాట ముగిశాక పాస్టరు అయ్యగారు కళ్ళజోడు సర్దుకుని చదివారు — ధవళేశ్వరం సంఘస్థురాలు హెప్సిబాకూ, రామచంద్రపురం సంఘస్థుడు ప్రభుదాస్‌కూ వివాహం నిశ్చయమైనదని, అభ్యంతరం ఉన్నవారు వచ్చి తెలపాలని. ఎవరికీ లేదు. ముప్పై మూడేళ్ళ పిల్లకు ఇన్నాళ్ళకు పెళ్ళవుతుంటే అడ్డుపడే ధైర్యం ఎవరికుంటుంది... వెనక బెంచీలో ఎవరో దగ్గారు. అమ్మ తల తిప్పి చూసింది. ఆ దగ్గు అక్కడే ఆగిపోయింది.

ఇదే సమయానికి రామచంద్రపురంలో ఆయన చర్చిలోనూ చదివి ఉంటారు. ఇంకో రెండు ఆదివారాలు. రెండు చోట్లా మూడుసార్లు చదివితేనే పెళ్ళి.

నవంబరు 11, మంగళవారం

సాయంత్రం దాకా కాలవ లాకుల దగ్గరే డ్యూటీ. ఇంటికొచ్చేసరికి ప్రభుదాస్‌గారి ఫోను. ఏడు నిమిషాలు మాట్లాడుకున్నాం. అందులో ఆరు నావి. పోస్టాఫీసు కౌంటరులో రోజంతా కూర్చునే మనిషికి మాటలు అక్కడే అయిపోతాయేమో.

నవంబరు 13, గురువారం

ప్రధానం నాడు ఒక గంట చూశాను. ఆ తర్వాత ఫోను. ఇంతే నాకు తెలిసిన మనిషి. కాలవ పని చేతిలోకి తీసుకునే ముందు గట్టు పొడుగునా నడిచి చూస్తాను కదా, మొగుణ్ణి చూసుకోవద్దా? ఒక రోజంతా కలిసి నడవాలి. అదీ మన చదును నేల మీద కాదు — ఇక్కడ అందరూ మంచివాళ్ళలాగే నడుస్తారు. కొండవీడు కోట. ఘాట్ రోడ్డు కాదు, పాత మెట్లదారి.

ఫోను చేసి చెప్పాను. "సరేనండి" అన్నారు. ఎందుకని కూడా అడగలేదు.

నవంబరు 14, శుక్రవారం

అమ్మ. "ప్రధానమే అయింది, పెళ్ళి కాలేదు. జనం ఏమనుకుంటారే?" 

"అభ్యంతరం ఉంటే తెలపమని చదివారుగా. తెలపమను."

నవ్వు ఆపుకోలేక వంటింట్లోకి వెళ్ళిపోయింది.

నవంబరు 16, ఆదివారం

రెండో ప్రకటన. అభ్యంతరాలు లేవు. నాకూ లేవు, ఇప్పటికి.

నవంబరు 17, సోమవారం

ఇద్దరికీ సెలవు దొరికింది. రేపే. మ్యాపు చూసి లెక్క వేశాను — గంటన్నర ఎక్కడం, గంట దిగడం. రోజూ గట్ల మీద ఎనిమిది పది కిలోమీటర్లు నడిచేదాన్ని, నాకేంటి. బూట్లు, టోపీ, అర లీటరు నీళ్ళ సీసా. చాలు.

నవంబరు 18, మంగళవారం

తిరుగు రైల్లో రాస్తున్నాను. ఎదుటి సీట్లో ఆయన కళ్ళు మూసుకుని ఉన్నారు. నిద్రో కాదో తెలియదు.

ఎక్కాను! పైదాకా ఎక్కాను.

తెల్లవారుజాము రైలు, గుంటూరులో ఇడ్లీ, బస్సు, ఆటో. కొండ మొదట్లోకి చేరేసరికి పది. ఆటో అతను జాలిగా చూశాడు — "రోడ్డుండగా మెట్లెందుకండీ?" ప్రభుదాస్‌గారి వీపున ఇంత సంచి. రెండు లీటర్ల సీసాలు మూడు, చపాతీలు, ఓఆర్‌ఎస్ పొట్లాలు, టార్చి కూడా.

"పట్టపగలు టార్చి ఎందుకండీ?"

"ఉంటుందని, అంతేనండి."

మొదటి అరగంట నేనే ముందు. వెనక నుంచి ఆయన — "పరుగెత్తి పాలు తాగేకన్నా నిలబడి నీళ్ళు తాగడం మేలంటారండి." మీరు నీళ్ళు తాగుతూ రండి, పాల సంగతి నేను చూస్తాను అన్నాను. నవ్వారు. బాగుంది ఆ నవ్వు.

మెట్లని పేరే. సగం చోట్ల రాళ్ళు దొర్లిపోయాయి, సగం చోట్ల ముళ్ళకంపలు. మధ్య మధ్య సీతాఫలం చెట్లు, కాయలు ఎవరో ముందే కోసుకుపోయారు. మ్యాపులో నిలువు ఎంతో చూశాను గాని, ఆ నిలువు మోకాళ్ళకు ఎలా తెలుస్తుందో చూడలేదు. నేను గంటన్నర అన్నది రెండున్నర పట్టింది. నా సీసా సగం దారిలోనే ఖాళీ. మావైపు పుట్టినవాళ్ళకు నీళ్ళు మోసుకెళ్ళే అలవాటుండదు, ఎటు తిరిగినా కాలవే. ఆ కాలవల శాఖలోనే జీతం తీసుకునే ఇంజనీరమ్మ అర లీటరుతో కొండెక్కింది. ఆయన తన సీసా అందించారు. ఒక్క మాట అనలేదు. నేనైతే అని ఉండేదాన్ని.

కోట గోడ దగ్గర దారి సన్నబడుతుంది. ఒకవైపు గోడ, రెండోవైపు ఏమీ లేదు, కిందికి చూస్తే చెట్ల తలలు. పాతిక ముప్పై అడుగులు అలాగే నడవాలి. అక్కడ ఆయన ఆగిపోయారు. మొహం పాలిపోయింది.

"నాకు ఎత్తంటే కళ్ళు తిరుగుతాయండి. ఇంక రాలేను."

"కొండ అన్నప్పుడే చెప్పొచ్చుగా?"

"మీరు అంత ముచ్చటపడుతుంటే..."

నీడలో కూర్చోమన్నాను. ఇరవై నిమిషాల్లో చూసి వస్తానన్నాను. గంటన్నర పట్టింది.

పైన గాలి. పాత చెరువు, నీళ్ళు పచ్చగా. దూరంగా కార్లలో వచ్చినవాళ్ళెవరో ఫొటోలు దిగుతున్నారు. వాళ్ళను దాటి ఇంకా పోయాను. కూలిన బురుజు ఒకటి, దాని మీదకు ఎక్కి కూర్చున్నాను. కింద మిరప చేలు, పత్తి చేలు, ఎక్కడా ఒక కాలవ గీత లేదు. మేడమ్ అని పిలిచేవాళ్ళు లేరు. ఫోనుకు సిగ్నల్ లేదు. నా ఒళ్ళు నాది, నా ఊపిరి నాది... అంత హాయిగా ఎప్పుడు కూర్చున్నానో గుర్తులేదు.

తిరిగొస్తే — ఆ సన్నదారి మధ్యలో ఆయన! గోడకు అతుక్కుని కూర్చున్నారు. ముందుకు రాలేరు, వెనక్కి పోలేరు. పాకుతూ వచ్చినట్టున్నారు, ప్యాంటు మోకాళ్ళ దగ్గర చిరిగింది. చంకలో నీళ్ళ సీసా. నాకు నవ్వొచ్చింది. పెద్దగానే నవ్వాను. చెయ్యి పట్టుకుని మెల్లగా దిగే దారివైపు చేర్చాను. దిగేటప్పుడు సంచి నేనే మోశాను. అమ్మకు చెబితే పొట్ట చెక్కలయ్యేలా నవ్వుతుంది. మంచి రోజు.

నవంబరు 19, బుధవారం

పిక్కలు పట్టేశాయి. ఆఫీసులో రెయిలింగు పట్టుకుని పక్కవాటంగా దిగాను. అందరూ చూశారు.

అమ్మకు చెప్పాను, ఆయన గోడకు అతుక్కుపోయిన సంగతి, నటించి మరీ చూపించాను. అమ్మ నవ్వలేదు.

"సీసా ఎందుకు తెచ్చాడే?" అంది.

నవంబరు 20, గురువారం

రైల్లో రాయనిది ఒకటుంది. రాస్తాను. ఈ పుస్తకంలో కూడా దాచుకుంటే ఇంకెక్కడ చెబుతాను.

కొండ దిగి ఆటోలో వస్తుండగా ఆయన అన్నారు. "నవ్వినందుకు కాదండి. నన్నలా చూస్తే ఎవరికైనా నవ్వొస్తుంది. మీరు నీళ్ళు లేకుండా వెళ్ళారు. మిట్టమధ్యాహ్నం. గంట దాటింది. పిలిస్తే పలకలేదు, ఫోను కలవలేదు. ఎక్కడో పడిపోయారనుకున్నాను." సీసా మూత బిగిస్తూ అడిగారు. "ఆ గంటన్నరలో నేను ఒక్కసారైనా గుర్తొచ్చానాండీ?"

అబద్ధం చెప్పొచ్చు. నోటికి రాలేదు.

"లేదండి" అన్నాను.

తల ఊపారు. గుంటూరు స్టేషనులో టీ తెచ్చిచ్చి, నా కప్పు కింద పెట్టేదాకా ఆగి, అప్పుడు చెప్పారు. "మూడో ప్రకటనకు ముందు నేను కొంచెం ఆలోచించుకోవాలండి." కోపం లేదు. కోపం ఉంటే పోట్లాడేదాన్ని, పోట్లాట నాకు వచ్చు.

మనిషిని చూద్దామని కొండెక్కించింది నేను. చూసుకున్నది ఆయన.

నవంబరు 21, శుక్రవారం

మెసేజి పెట్టాను. "నవ్వకుండా ఉండాల్సింది. క్షమించండి."

నలభై నిమిషాలకు జవాబు. "పర్వాలేదండి. పిక్కల నొప్పి తగ్గిందా?"

అంతే. ప్రకటన ఊసు లేదు. ఇంత మర్యాదస్థుడితో వేగడం కష్టం.

నవంబరు 22, శనివారం

బురుజు మీద హాయిగా ఉన్నందుకు సిగ్గుపడను. పడమన్నా పడను. పెళ్ళయ్యాక కూడా నాకు అలాంటి గంటన్నర కావాలి, ఏడాదికి ఒక్కసారైనా. ఆ మాట ఆయనతో అనాలి. దాంతోపాటు రెండో మాట కూడా అనాలి — వెళ్ళేటప్పుడు చెప్పి వెళతాను, చెప్పిన వేళకు వస్తాను, నీళ్ళు తీసుకెళతాను.

నా కోసం ఎవరైనా భయపడటం నాకు అలవాటు లేదు. వరద రోజుల్లో ఆనకట్ట గేట్ల దగ్గరే ఉండిపోతే అమ్మ "తిన్నావా" అంటుంది, తను పడుకుంటుంది. నేనే అలా అలవాటు చేశాను. నాకేం కాదని అందరికీ నమ్మకం, నాకు అందరికన్నా ఎక్కువ. ఆ నమ్మకం లేనివాడు ఒక్కడు, నిలబడలేని చోట మోకాళ్ళ మీద వచ్చాడు. నేను నవ్వాను.

నాకు ఆయన కావాలి. రాసేశాను.

రేపు మా చర్చిలో చదువుతారు, అది ఖాయం. ఆయన చర్చిలో చదువుతారో లేదో ఆయనకూ వాళ్ళ అయ్యగారికీ తెలుసు. ఫోనులో అడగొచ్చు. "పర్వాలేదండి" అంటారు. అది నాకొద్దు. వెళతాను.

అమ్మ — "మూడో ప్రకటన నాడు పెళ్ళికూతురు అవతలివాళ్ళ చర్చికి వెళ్ళడం ఎక్కడైనా ఉందా?"

"లేదు. నువ్వు మన చర్చిలో నా బదులు కూర్చో."

ఈసారి నవ్వింది. నవ్వి, పొద్దున్నే బస్సెక్కాలిగా పడుకోమంది.

నవంబరు 23, ఆదివారం

రామచంద్రపురం. ఆడవాళ్ళ వైపు, వెనక నుంచి రెండో బెంచీ. ఒళ్ళో ఈ పుస్తకం. ప్రసంగం రాసుకోవడానికి సిద్ధంగా ఉన్నాననుకుంటోంది పక్కావిడ, మెచ్చుకోలుగా చూస్తోంది.

"ఎవరి తాలూకమ్మా?"

"ప్రభుదాస్‌గారి..." అని ఆగాను. తర్వాత ఏ మాట వేయాలో తెలియలేదు. ఆవిడ "ఆహా" అని జరిగి చోటిచ్చింది.

ఆయన ముందు వరసలో ఉన్నారు. మొదటి పాటకు లేచినప్పుడు ఇటు తిరిగారు. చూశారు. అందరూ కూర్చున్నాక కూడా ఒక్కరే నిలబడి ఉన్నారు కాసేపు. పక్కన పెద్దాయన చొక్కా లాగితే కూర్చున్నారు. మొహంలో ఏముందో ఇంత దూరం నుంచి తెలియలేదు.

మా పేర్లు చదవకపోతే — ఆరాధన అయ్యాక ఆవరణలో ఆయన ముందు నిలబడతాను. నన్ను చేసుకుంటారా అని అడుగుతాను. అందరూ విన్నా సరే.

కానుకల పాట అయింది. అయ్యగారు కాగితం తీశారు. బుధవారం ప్రార్థన కూటం. క్రిస్మస్ పాటల సాధన, శనివారం అయిదింటికి. ఒక పెళ్ళి ప్రకటన... మొదటిది, ఎవరిదో, మాది కాదు.

కాగితం వెనక్కి తిప్పారు. నీళ్ళు తాగుతున్నారు.