ద్రాక్షరసం అన్నాను

అక్టోబర్ 30, గురువారం. నంద్యాల

అమ్మ కంటి ఆపరేషన్ అయిపోయింది. నల్లద్దాలు ఇచ్చారు. తలస్నానం వద్దు, బరువులెత్తొద్దు, ఏడవొద్దు అన్నాడు డాక్టర్. ఏడవొద్దు అనగానే నాకు నవ్వొచ్చింది. మా అమ్మకా!

బ్యాగులో చున్నీల మధ్య బాటిల్ ఉంది. బెంగళూరులో బస్సెక్కే ముందు మా హోటల్ షాలిని మేడమ్ చేతికిచ్చింది. 2012 సిరా, ఒకే తోట ద్రాక్షతో చేసిన రెడ్ వైన్. రుచి, వాసన చూసి సోమవారంలోగా టేస్టింగ్ నోట్ రాసి పంపాలి. బాగా రాస్తే వైన్ టీమ్‌లో పర్మనెంట్. లేకుంటే మళ్లీ రిసెప్షన్ కౌంటరే.

సిరా. పలికితే పెన్నులో పోసుకునేదానిలా ఉంది.

బస్టాండ్ దగ్గర అంగట్లో కాడ ఉన్న గాజు గ్లాసు అడిగాను. ఏం తాగేదానికి మా అని అంగడాయన పైనుంచి కిందిదాకా చూశాడు. మజ్జిగకు అన్నాను.

అక్టోబర్ 31, శుక్రవారం. ఆళ్లగడ్డ

బాటిల్ బీరువాలో నా బట్టల కింద దాచాను. నాయన తాగుడు మానేసి నాలుగేళ్లు. చర్చిలో సంఘం ముందు నిలబడి సాక్ష్యం చెప్పి మరీ మానేశాడు. అంతకుముందు సంగతులు రాయను. హోటల్లో వాసన చూసి వైన్ పసిగట్టే పని నేర్చుకుంటున్నానని ఇంట్లో ఆయనకు ఒక్కడికే తెలుసు.

ఒకచోట కూర్చోలేకపోతున్నాను. మాటిమాటికీ వెళ్లి బీరువా తాళం లాగి చూస్తున్నాను.

నవంబర్ 1, శనివారం, మధ్యాహ్నం

నాయన ఆటో తీసుకుని రుద్రవరం వెళ్లాడు. అమ్మ పడుకుంది. గది తలుపేసుకుని బాటిల్ తీశాను. కార్క్ సగంలో విరిగింది, నా ఖర్మ. అడుగున మడ్డి ఉంది. పలచటి గుడ్డలో వడకట్టి శుభ్రమైన గాజు సీసాలో పోశాను.

రంగు నడుమ ముదురు, అంచున ఇటుక. వాసన మొదట నేరేడు. తర్వాత అప్పుడే దంచిన మిరియాలు. ఇంకాసేపటికి పొగ, కొత్త తోలు చెప్పులు. నోట్లో వగరు మెత్తబడింది, పులుపు ఇంకా బతికే ఉంది. ఉమ్మేశాక కూడా చాలాసేపు వదల్లేదు. నాకు ఈ పని వచ్చు. నిజంగా వచ్చు!

రేపు ఇంకోసారి చూడాలి. గాలి తగిలాక ఎంత నిలబడుతుందో చూస్తేనే దాని సత్తా తేలేది.

సీసా ఫ్రిజ్‌లో పెడుతుంటే అమ్మ వెనకే నిలబడి ఉంది. ఏందే అదీ అంది. ద్రాక్షరసం అన్నాను. అబద్ధం కాదు కదా.

నవంబర్ 2, ఆదివారం, మధ్యాహ్నం

నెల మొదటి ఆదివారమని మర్చిపోయాను. చర్చిలో ప్రభు సంస్కారం, అందరికీ రొట్టె, ద్రాక్షరసం ఇచ్చే రోజు. ఈ నెల ద్రాక్షరసం ఇచ్చే వంతు అమ్మది. హోటల్ నుంచి బిడ్డ తెచ్చిన మంచి రసం ఇంట్లో ఉండగా కొనడమెందుకని, ఆ సీసా నాకు చెప్పకుండా పొద్దున్నే పాస్టర్ అయ్యగారికి పంపేసింది.

రొట్టె అయ్యాక పళ్లెంలో చిన్న కప్పులు వచ్చాయి. కప్పు ఎత్తకముందే ఆ మిరియాల వాసన. తల తిప్పేసరికి మగవాళ్ల వైపు నాయన చేతిలో కప్పు. లేచి అరవాలి. సంఘం ముందు, అమ్మ ముందు. లేవలేదు. నేను లేవలేదు.

నాయన వాసన చూశాడు. తాగకుండా దించితే ఏదో పాపం చేశాడనే అనుకుంటారు అందరూ. నా వైపు చూశాడు. కళ్లు మూసుకుని తాగేశాడు.

ఈతూరి రసం భలే ఘాటుగుందే అని ముసలమ్మలు అంటూ బయటికొస్తున్నారు. అప్పటికే నాయన ఆటో లేదు.

అదే రోజు, భోజనాలు చేయలేదు

అమ్మకు చెప్పేశాను. ద్రాక్షరసం అంటివి గదే, ద్రాక్షరసం అంటివి గదే అని అదే మాట. నల్లద్దాలు తీసేసి ఏడుస్తోంది. వద్దు మా, కన్ను పోతుంది అంటూ నేనూ ఏడ్చాను.

సాయంత్రం

ఫోన్ స్విచాఫ్. ఆటో స్టాండులో లేడు. యాడికని ఎతకాల పాపా అంటూనే జోసెఫ్ చిన్నాయన మందు షాపుల వైపు వెళ్లాడు. నేను వీధిలోకి, లోపలికి, మళ్లీ వీధిలోకి. ఏ ఆటో చప్పుడైనా లేస్తున్నాను. ప్రభువా, ఆ ఉద్యోగం నాకొద్దు.

దీపాలు పెట్టే వేళ

నాయన వచ్చాడు. అమ్మను దాటి నేరుగా నా ముందుకొచ్చి, వంగి, నా ముఖం మీద ఊదాడు. చెప్పు దెబోరా, నీ పని ఇదే గదా అన్నాడు.

ఏడ్చి ఏడ్చి ముక్కు మూసుకుపోయి ఉంది. ఏ వాసనా తెలియలేదు.

ఏమీ లేదు నాయనా అన్నాను.