చెమటారని గుర్రం

ఖెర్లెన్ నది ఒడ్డు, చలికాలపు విడిది

అన్నయ్యా, నీ బూడిదరంగు గుర్రం బతికే ఉంది. ఆసుపత్రిలో కంగారు పడకు.

రెండు నెలలుగా నేను మంచులో తిప్పి మచ్చిక చేస్తున్న దాన్ని నిన్న పొద్దున బాబాయి కొడుకు దంబా నాకు చెప్పకుండా ఎక్కాడు. పక్క విడిది చుట్టాల ముందు గొప్పకు దౌడు తీయించి, ఒళ్లంతా చెమట కారుతుండగానే జీను విప్పి, నదిలో మంచు పగలగొట్టి నీళ్లు పట్టాడు. నేను పరుగెత్తుకెళ్లేసరికి వీపు మీద చెమట గడ్డకట్టి, గుర్రం గడగడ వణుకుతోంది. నా గొంగడి కప్పి సాయంత్రం దాకా నడిపిస్తే తేరుకుంది.

"చంపేద్దామనుకున్నావురా?" అని అడిగాను.

"నా మీద ఎగురుతావేమే? ఎక్కమని మీ అన్నే కబురు పెట్టాడు. ఆడపిల్ల చేతిలో గుర్రం మెత్తబడిపోతుందట" అన్నాడు.

నిజంగా ఆ మాట నువ్వన్నావా? మూడు చలికాలాలుగా నీ గుర్రాలను లొంగదీసింది ఎవరు? జవాబు రాయి. జీను నా పెట్టెలో పెట్టి తాళం వేశాను, ఎవడొచ్చినా ఇవ్వను.

కాలి కట్టు ఎప్పుడు విప్పుతారు? తోలు కుట్టే సూదులు రెండు తీసుకురా. అమ్మ నీకోసం ఎండుమాంసం దాచింది. త్వరగా లేచి తిరుగు అన్నయ్యా, మంచాన పడ్డవాణ్ణి తనివితీరా తిట్టలేకపోతున్నాను.

నీ చెల్లెలు
ఖోర్లో