డ్రిల్లు, రంపం ఏ కంపెనీవి?

రహమత్ నగర్,
హైదరాబాద్.

తమ్ముడు మౌనేశ్వరాచారికి అన్నయ్య దీవెనలు.

మొన్న నువ్వు మాట్లాడుతుండగానే ఫోన్ పెట్టేశానని కోపం తెచ్చుకోకు. నువ్వేం అడిగావో తర్వాత మీ వదిన చెప్పింది. డ్రిల్లయితే జపాన్ కంపెనీది తీసుకో. తేలికగా ఉంటుంది, నిచ్చెన మీద ఎంతసేపు పట్టుకున్నా భుజం లాగదు. కరెంటు రంపాల్లో జర్మనీ కంపెనీది మేలు. ప్లైవుడ్ అంచు చిట్లకుండా కోస్తుంది.

ఏది కొన్నా ముందు చెవులకు మూతలు కొనుక్కో. ఫిల్మ్ నగర్ సెట్లలో ఇన్నేళ్లూ ఆ మోతలోనే పనిచేశాను. మాకెవరూ మూతలు ఇవ్వలేదు, మేమూ అడగలేదు.

పోయిన వారం కోట సెట్టు విప్పుతుంటే పైనుంచి దూలం జారింది. అందరూ అరిచారట. నాకు వినపడలేదు. నాతో పనిచేసే యాదగిరి పరుగెత్తుకొచ్చి నన్ను పక్కకు తోశాడు. దూలం అతని భుజం మీద పడి ఎముక విరిగింది.

ఆసుపత్రిలో అతని చెయ్యి పట్టుకుని ఏడ్చాను. అతనేదో అన్నాడు. మీ వదిన నా చెవి దగ్గర గట్టిగా మళ్లీ చెప్పింది. "నీకు ఇనబడదని మాకు ఎప్పుడో ఎరుకనే అన్నా. గందుకే రోజూ నీ పక్కనే పనిచేస్తున్న" అన్నాడట.

మర్నాడే మేస్త్రీ దగ్గరికి వెళ్లి ఇక పనికి రానని చెప్పేశాను.

అందుకని, నువ్వు డ్రిల్లొక్కటే కొనుక్కో. నా రంపం బస్సులో పంపిస్తున్నాను. బ్లేడు కొత్తదే.

మీ అన్నయ్య